బొడ్డుతాడులో రక్తప్రవాహం: వారం వారం మారే లెక్క

కడుపులోని బిడ్డకు ఆక్సిజన్, ఆహారం రెండూ బొడ్డుతాడు ద్వారానే అందుతాయి. నెలలు నిండేసరికి సుమారు 50 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు పెరిగే ఈ తాడులో ఉండేది మూడే రక్తనాళాలు. గర్భం పెరిగేకొద్దీ వాటి పనితీరు మారుతూ ఉంటుంది. ఆ మార్పు సరిగా జరుగుతోందో లేదో చూసి, బిడ్డ కష్టంలో ఉన్న సంగతిని వైద్యులు ముందుగానే పసిగట్టగలుగుతున్నారు.

ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ప్రవహిస్తుందని బడిలో చదువుకుంటాం. బొడ్డుతాడులో ఇది తారుమారు. ఇక్కడ ఒకే ఒక సిర మాయ నుంచి ఆక్సిజన్ నిండిన రక్తాన్ని బిడ్డకు చేరవేస్తుంది. రెండు ధమనులు బిడ్డ వాడుకున్న రక్తాన్ని తిరిగి మాయకు తీసుకెళ్తాయి. తల్లి రక్తం, బిడ్డ రక్తం ఎక్కడా కలవవు. మాయలోని పల్చటి పొర గుండా ఆక్సిజన్, పోషకాలు అటు నుంచి ఇటు, వ్యర్థాలు ఇటు నుంచి అటు మారతాయి. ఈ నాళాలు నలిగిపోకుండా చుట్టూ జిగురులాంటి వార్టన్ జెల్లీ కాపాడుతుంది.

మన శరీరంలోని చాలా రక్తనాళాలు నరాల ఆదేశాలతో ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి. బొడ్డుతాడులో నాళాల తీరును శాసించే నరాలు దాదాపుగా ఉండవు. అందువల్ల ఇక్కడ రసాయనాలదే పెత్తనం. నాళాల లోపలి పొర నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ వాటిని వదులుగా ఉంచుతుంది. సెరటోనిన్, ఎండోథెలిన్ వంటివి బిగుసుకునేలా చేస్తాయి.

వారాలు గడిచేకొద్దీ వచ్చే ముఖ్యమైన మార్పు ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకి తగ్గడం. పెద్ద కాలువకు పిల్లకాలువలు ఎన్ని తవ్వితే నీరు అంత సులువుగా పారుతుంది. అలాగే మాయలో సన్నని రక్తనాళాలు కొత్తగా కొమ్మలు వేసేకొద్దీ బొడ్డు ధమనుల్లోని రక్తానికి దారులు పెరుగుతాయి. తొలి మూడు నెలల్లో బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడు మాత్రమే ధమనిలో రక్తం ముందుకు కదులుతుంది, రెండు స్పందనల నడుమ దాదాపు ఆగిపోతుంది. నాలుగో నెల వచ్చేసరికి ఆ విరామంలోనూ ప్రవాహం కొనసాగడం మొదలవుతుంది. సిర ద్వారా బిడ్డకు చేరే రక్తం 20వ వారంలో నిమిషానికి సుమారు 30-40 మిల్లీలీటర్లు కాగా, నెలలు నిండేసరికి 200 మిల్లీలీటర్లు దాటుతుంది.

దీన్ని కొలిచే సాధనం డాప్లర్ స్కానింగ్. దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుగా, దూరమయ్యే రైలు కూత తగ్గుగా వినిపించినట్టే, కదిలే రక్తకణాలను తాకి వెనక్కి వచ్చే అల్ట్రాసౌండ్ తరంగాల పౌనఃపున్యం మారుతుంది. బొడ్డు ధమనిలో ప్రవాహాన్ని ఈ పద్ధతిలో నమోదు చేసినట్టు 1977లో డబ్లిన్ వైద్యులు తొలిసారి ప్రకటించారు. తాడు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి తరంగం ఏ కోణంలో తాకిందో కచ్చితంగా చెప్పడం కష్టం. అందుకే గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ వేగాన్ని, విరామం చివరి వేగంతో భాగిస్తారు. భాగహారంలో కోణం ప్రభావం కొట్టుకుపోతుంది. రిపోర్టుల్లో కనిపించే ఎస్/డి నిష్పత్తి ఇదే. ఇది 20వ వారంలో 4 దరిదాపుల్లో ఉండి, ప్రసవం నాటికి 2 దగ్గరకు దిగుతుంది.

ఈ నిష్పత్తి దిగకపోతే మాయ సరిగా ఎదగడం లేదని అనుమానించాలి. విరామంలో ప్రవాహం పూర్తిగా ఆగినా, వెనక్కి మళ్లినా అది తీవ్ర ప్రమాద సంకేతం. బిడ్డ ఎదుగుదల మందగించినప్పుడు, తల్లికి అధిక రక్తపోటు ఉన్నప్పుడు ఈ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భాల్లో డాప్లర్ వాడకం శిశు మరణాలను తగ్గిస్తుందని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. ఏ ఇబ్బందీ లేని గర్భిణులందరికీ చేయడం వల్ల అలాంటి మేలు రుజువు కాలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 20వ వారంలో మామూలుగా భావించే సంఖ్య 36వ వారంలో ఆందోళనకరం. అంటే గర్భం వయసు తప్పుగా లెక్కిస్తే డాప్లర్ ఫలితాన్నీ తప్పుగా అర్థం చేసుకునే ముప్పు ఉంది. ఆఖరి నెలసరి తేదీ గుర్తులేనివారు, ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేవారు మన దేశంలో చాలామంది. పాశ్చాత్య జనాభా కొలతలతో తయారైన సూత్రాలు భారతీయ శిశువులకు అన్నివేళలా సరిపోవు.

ఈ లోటును తీర్చేందుకు ఢిల్లీ పరిసరాల్లో పెద్ద ప్రయత్నమే సాగుతోంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం అండతో, ఫరీదాబాద్‌లోని ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ 2015లో ‘గర్భ్-ఇని’ అధ్యయనాన్ని ప్రారంభించింది. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చే వేలాది గర్భిణులను తొలి నెలల నుంచి ప్రసవం దాకా ఇందులో గమనిస్తున్నారు. నెలలు నిండకముందే కాన్పు కావడానికి కారణాలు వెతకడం దీని ప్రధాన లక్ష్యం. 2020లో భారత్‌లో ఇలా పుట్టిన బిడ్డలు సుమారు 30 లక్షలని అంచనా. ఈ సమాచారం ఆధారంగా ఐఐటీ మద్రాస్‌తో కలిసి రూపొందించిన ‘గర్భిణి-జీఏ2’ నమూనాను 2024లో ప్రకటించారు. చివరి మూడు నెలల్లో గర్భం వయసు లెక్కలో దొర్లే తప్పును ఇది దాదాపు మూడు రెట్లు తగ్గించగలదని పరిశోధకులు తెలిపారు.

బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు నాళాల పాత్ర ముగుస్తుంది. తాడు సాగడం, బయటి చల్లదనం, పెరిగిన ఆక్సిజన్ వల్ల ముందుగా ధమనులు బిగుసుకుంటాయి. సిర కాసేపు తెరిచే ఉండి మాయలోని రక్తాన్ని బిడ్డకు అందిస్తుంది. అందుకే కనీసం ఒక నిమిషం ఆగి తాడు కట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ కాస్త ఆలస్యంతో బిడ్డకు అదనంగా చేరే ఇనుము తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా తోడ్పడుతుంది.