నోట్సులో తప్పు - డీఎన్ఏలో మార్పు



నందిగామ, జగ్గయ్యపేట సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో మేము చదివేనాటికి ఇది కృష్ణా జిల్లా. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. గైడ్లు కొనే స్తోమత లేక సీనియర్ల నోట్సు చూసి రాసుకునేవాళ్లం. నిద్రమత్తులో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడేది. మా తర్వాతివాళ్లు ఆ తప్పునూ ఎక్కించుకునేవారు. ఎవరి నోట్సు చూసి ఎవరు రాశారో ఆ తప్పులను బట్టే మాస్టారు పట్టేసేవారు. జన్యుశాస్త్రం చేసే పనీ దాదాపు ఇదే.

మన కణాల్లో డీఎన్ఏ అనే పుస్తకం ఉంది. ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలు. తల్లి నుంచి సుమారు 300 కోట్లు, తండ్రి నుంచి మరో 300 కోట్ల అక్షరాలు వస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, కణంలోనే జరిగే రసాయన చర్యలు దీన్ని నిత్యం దెబ్బతీస్తుంటాయి. ఒక్కో కణంలో రోజుకు వేల దెబ్బలు పడతాయి. వాటిని బాగుచేసే ఎంజైములూ కణంలోనే ఉన్నాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకే లిండాల్, మోడ్రిచ్, సాంకార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

దెబ్బ వేరు, ఉత్పరివర్తనం వేరు. దెబ్బ బాగుపడకముందే డీఎన్ఏకు నకలు తయారైతే తప్పు అక్షరం స్థిరపడిపోవచ్చు. అదే ఉత్పరివర్తనం. చర్మకణంలో వస్తే ఆ మనిషితోనే పోతుంది. అండంలోనో శుక్రకణంలోనో వస్తే బిడ్డకు చేరుతుంది. ప్రతి బిడ్డలోనూ ఇలాంటి కొత్త మార్పులు సుమారు 60-70 ఉంటాయి. చాలావాటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. మనుషుల్లోని జన్యు వైవిధ్యానికి మూలం ఇవే. అయినా ఏ ఇద్దరిని పోల్చినా వెయ్యి అక్షరాల్లో దాదాపు 999 ఒకటే.

"చదువు మీ రక్తంలో లేదురా" అనే మాట మాలో చాలామందిమి పడ్డాం. రక్తంలో ఏముందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ వారితో కలిసి పరిశీలించి 2009లో ప్రకటించారు. మాల, మాదిగ, వైశ్య సమూహాలన్నింటిలోనూ పాత పూర్వీకుల కలయికే కనిపించింది. పాళ్లు మాత్రమే వేరు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు జనం బాగా కలిశారనీ, ఆ తర్వాతే లోపలి పెళ్లిళ్లు బిగిశాయనీ 2013లో తేల్చారు. అంటే మన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం కట్టేనాటికి దేశంలో ఆ కలయిక ఇంకా ఆగలేదు.

గిరి గీసుకుంటే నష్టమూ ఉంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహంలో వాళ్ల తప్పు అక్షరాలూ పెరుగుతాయి. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఎక్కువ. అది ఉన్నవారికి ఆపరేషన్‌లో సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తే కండరాలు చాలాసేపటి వరకు తేరుకోవు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు.

మన ఇళ్లలోని మేనరికాలకూ ఇదే లెక్క. తలసేమియా వంటి జబ్బు తప్పు అక్షరం భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి బంధువుల్లో ఒకే తప్పు ఉండే అవకాశం ఎక్కువ.

కాబట్టి తమ్ముళ్లూ, ఇంట్లో మేనరికం మాట వస్తే ముందు రక్తపరీక్ష అడగండి. రక్తం పేరుతో ఎవరైనా మిమ్మల్ని తక్కువ చేస్తే ఈ లెక్కలు చెప్పండి.