యాప్‌లో చెల్లింపు: ఏ సొమ్మును ఎవరు వసూలు చేయాలి?

ప్రత్యేక వ్యాసం

హైదరాబాదులో 2001లో ఈ-సేవ కేంద్రాలు ప్రారంభమైనప్పుడు కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కౌంటరులో చెల్లించగలగడం ప్రజలకు ఎంతో వెసులుబాటుగా తోచింది. 2011లో మొదలైన మీ-సేవ ధ్రువీకరణ పత్రాల జారీని గ్రామాలకు చేరువ చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ ద్వారా పౌర సేవలకు శ్రీకారం చుట్టింది. పాతికేళ్ల లోపే కౌంటరు పౌరుని అరచేతిలోకి వచ్చింది.

అయితే ఈ రెండు కౌంటర్ల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఈ-సేవ కేంద్రంలోని కౌంటరు ప్రభుత్వ అధీనంలోనిది. ఫోనులోని యాప్ మాత్రం సాధారణంగా గూగుల్ ప్లే స్టోర్ ద్వారానో, యాపిల్ యాప్ స్టోర్ ద్వారానో ప్రజలకు చేరుతుంది. ఆ దుకాణాల యజమానులకు తమవైన నిబంధనలు ఉన్నాయి. యాప్‌లో సొమ్ము ఏ పద్ధతిలో వసూలు చేయాలన్నది ఆ నిబంధనలలో అత్యంత కీలకమైనది. దీనిని సరిగా గ్రహించకపోతే చెల్లించనవసరం లేని కమిషన్ చెల్లించవలసి రావచ్చు, లేదా యాప్ స్టోర్ నుంచి తొలగింపునకు గురి కావచ్చు. యాప్‌లు తయారు చేయించే శాఖల అధికారులకు, ఈ అంశంపై వార్తలు రాసే పాత్రికేయులకు ప్రాథమిక అవగాహన కల్పించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాధనం వేరు, వసూలుదారు వేరు

చెల్లింపు పద్ధతి అనగానే యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ గుర్తుకు వస్తాయి. ఇవి చెల్లింపు సాధనాలు మాత్రమే. స్టోర్ నిబంధనలు ప్రధానంగా పట్టించుకునేది సాధనాన్ని కాదు, సొమ్మును మొదట ఎవరు వసూలు చేస్తున్నారన్న విషయాన్ని. స్టోర్ తన సొంత బిల్లింగ్ వ్యవస్థ ద్వారా వసూలు చేసి, తన వాటా మినహాయించుకుని మిగిలినది యాప్ యజమానికి ఇవ్వడం ఒక పద్ధతి. యాప్ యజమానే ఒక పేమెంట్ అగ్రిగేటర్ ద్వారా నేరుగా వసూలు చేసుకోవడం రెండో పద్ధతి. రెండింటిలోనూ పౌరుడు యూపీఐ ద్వారానే చెల్లించవచ్చు. అతని ఫోనులో కనిపించే తెర దాదాపు ఒకే విధంగా ఉన్నా, సొమ్ము ప్రయాణించే దారి మాత్రం వేరు.

పేర్ల పోలిక వల్ల మరో గందరగోళం కూడా ఏర్పడుతోంది. గూగుల్ పే, గూగుల్ ప్లే బిల్లింగ్ ఒకటి కావు. మొదటిది యూపీఐ చెల్లింపులు జరిపే యాప్. రెండోది ప్లే స్టోర్ యాప్‌లలో డిజిటల్ వస్తువుల అమ్మకానికి ఏర్పాటైన వసూలు వ్యవస్థ. స్టోర్ కమిషన్‌కు సంబంధించిన వివాదాలన్నీ రెండోదానికి చెందినవేనన్న విషయం గమనార్హం.

అమ్ముతున్నది ఏమిటి?

వసూలుదారు ఎవరన్నది అమ్ముతున్న వస్తువు స్వభావాన్ని బట్టి నిర్ణయమవుతుంది. యాప్ వెలుపల వినియోగమయ్యే వస్తువులు, సేవలు ఒక కోవలోకి వస్తాయి. బస్సు టికెట్, ఆహార పదార్థాలు, చేనేత చీర, అచ్చు పుస్తకం, కరెంటు బిల్లు వంటివి ఇందుకు ఉదాహరణలు. వీటికి స్టోర్ బిల్లింగ్‌ను వాడవలసిన అవసరం లేకపోవడమే కాదు, వాడేందుకు వీలు కూడా లేదు. భౌతిక వస్తువులకు, యాప్ వెలుపల అందే సేవలకు తన కొనుగోలు వ్యవస్థను కాక ఇతర చెల్లింపు పద్ధతులనే వాడాలని యాపిల్ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. గూగుల్ విధానం కూడా ఇదే తీరున ఉంది. ఇటువంటి అమ్మకాలపై స్టోర్‌కు కమిషన్ చెల్లించే ప్రసక్తి లేదు.

యాప్ లోపలే వినియోగమయ్యే డిజిటల్ సరుకు రెండో కోవలోకి వస్తుంది. శ్రవ్య కథలు, సినిమాల చందా, ఆటలలోని నాణేలు, ప్రకటనలు లేని ప్రత్యేక సదుపాయం మొదలైనవి ఇందులో ఉంటాయి. వీటి అమ్మకాన్ని స్టోర్లు సాధారణంగా తమ బిల్లింగ్ పరిధిలోకి తీసుకుంటాయి.

ఈ రెండింటి సరిహద్దులో కొన్ని సేవలు ఉన్నాయి. ఒక గణిత ఉపాధ్యాయుడు యాప్ ద్వారా పాఠాలు చెబుతున్నారని అనుకుందాం. ఒక విద్యార్థికి ప్రత్యక్ష ప్రసారంలో విడిగా బోధిస్తే యాపిల్ నిబంధనల ప్రకారం ఆ రుసుమును ఇతర పద్ధతులలో వసూలు చేసుకోవచ్చు. అదే పాఠాన్ని ఒకేసారి అనేకమందికి ప్రసారం చేస్తే స్టోర్ కొనుగోలు వ్యవస్థనే వాడవలసి ఉంటుంది. ఉపాధ్యాయుడు, పాఠం మారకపోయినా బోధించే విధానం మారినందువల్ల నిబంధన మారుతోంది. కనుక యాప్ రూపకల్పన దశలోనే ఈ ప్రశ్న వేసుకోవాలి, యాప్ పూర్తయిన తరువాత కాదు.

మూడో మార్గం కూడా ఒకటి ఉంది. యాప్‌లో ఏమీ అమ్మకుండా, వెబ్‌సైటులో ముందే చందా కట్టినవారు లాగిన్ అయి చదువుకునే, వినే వీలు మాత్రమే కల్పించవచ్చు. పత్రికలు, పుస్తకాలు, సంగీతం, వీడియో యాప్‌లకు యాపిల్ ఈ అవకాశం కల్పించింది. వినియోగానికి మాత్రమే పరిమితమైన యాప్‌లను గూగుల్ కూడా అనుమతిస్తోంది. ఇందులో కమిషన్ బాధ లేదు. అయితే చందా ఎక్కడ కట్టాలో తెలియక కొత్త పాఠకుడు వెనుదిరిగే ప్రమాదం ఉంది.

వంద రూపాయల లెక్క

కమిషన్ ప్రభావం తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. తెలుగు కథలను చదివి వినిపించే యాప్ నెల చందా 100 రూపాయలు అనుకుందాం. పన్నులను ప్రస్తుతానికి పక్కన పెడదాం. స్టోర్ రుసుము 30 శాతమైతే నిర్వాహకునికి 70 రూపాయలు, 15 శాతమైతే 85 రూపాయలు మిగులుతాయి. అందులోంచే రచయితకు, చదివిన కళాకారునికి, స్టూడియోకు, సర్వర్లకు చెల్లించాలి. 15 రూపాయల ఈ తేడా చిన్న సంస్థలో రచయిత పారితోషికంతో సమానం కావచ్చు.

యాపిల్ 2021 జనవరి 1 నుంచి చిన్న వ్యాపార సంస్థలకు 30 శాతానికి బదులు 15 శాతం కమిషన్ పథకాన్ని అమలులోకి తెచ్చింది. గూగుల్ 2021 జులై నుంచి ప్రతి సంస్థకు ఏటా మొదటి 10 లక్షల డాలర్ల రాబడిపై 15 శాతం రేటును, 2022 జనవరి నుంచి చందాలపై 15 శాతం రేటును వర్తింపజేసింది. మన దేశంలో గూగుల్ బిల్లింగ్‌తో పాటు ప్రత్యామ్నాయ బిల్లింగ్‌ను కూడా చూపేందుకు అవకాశం ఇచ్చినప్పుడు, వినియోగదారు ప్రత్యామ్నాయాన్ని ఎంచుకుంటే రుసుమును 4 శాతం మేర తగ్గించింది. అంటే 15 శాతం కాస్తా 11 అవుతుంది.

ప్రత్యామ్నాయ బిల్లింగ్ వల్ల కమిషన్ పూర్తిగా రద్దు కాదన్న సంగతి ఇక్కడ గ్రహించాలి. సొంత వసూలు ఏర్పాటుకు 2 రూపాయలు ఖర్చయితే మొత్తం 13 రూపాయలు పోతుంది. 4 రూపాయలు ఖర్చయితే లాభమేమీ ఉండదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి నుంచి ఎండీఆర్ వసూలును కేంద్రం తొలగించినందున, చందాదారులలో ఎక్కువమంది యూపీఐ వాడే యాప్‌లకు ఈ లెక్క కొంత అనుకూలించింది. అయితే వాపసులు, ఫిర్యాదులు, హిసాబుల భారం నిర్వాహకునిపైనే పడుతుంది. స్టోర్ల రేట్లు తరచూ మారుతున్నందున ఒప్పందం కుదుర్చుకునే నాటికి అమలులో ఉన్న రేటును సరిచూసుకోవడం తప్పనిసరి.

మన దేశంలో వివాదం సాగిన తీరు

ఈ నిబంధనలు పోటీ చట్టం పరిశీలనకు వచ్చాయి. కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరు 25న ప్లే స్టోర్ చెల్లింపు విధానాలకు సంబంధించి గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఇతర బిల్లింగ్ సేవలను వాడుకోకుండా యాప్ తయారీదారులను అడ్డుకోరాదని ఆదేశించింది. ఇతరులకు తప్పనిసరి చేసిన బిల్లింగ్‌ను గూగుల్ తన సొంత యూట్యూబ్‌కు వర్తింపజేయలేదన్న అంశాన్ని కూడా ఆ ఉత్తర్వు ఎత్తిచూపింది. అంతకు ఐదు రోజుల ముందు, అక్టోబరు 20న, ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో విధించిన 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేరు. ఈ రెంటినీ కలిపి రాయడం పొరపాటు.

జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 మార్చి 28న 936.44 కోట్ల జరిమానాను 216.69 కోట్ల రూపాయలకు తగ్గించింది. అనంతరం ఈ వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది.

ఈ మధ్యలో జరిగిన ఒక సంఘటన చిన్న సంస్థలకు గుణపాఠంగా నిలిచింది. 2024 మార్చి 1న, సేవా రుసుము చెల్లించడం లేదన్న కారణంతో పది భారతీయ కంపెనీల యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తొలగించడం ప్రారంభించింది. వివాహ సంబంధాల యాప్‌లు, ఉద్యోగ సమాచార యాప్‌లు వాటిలో ఉన్నాయి. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం, చర్చల అనంతరం కొద్ది రోజులలోనే యాప్‌లను పునరుద్ధరించారు. రుసుము న్యాయమా అన్యాయమా అన్న వాదం ఎలా ఉన్నా, వివాదం తేలేలోపు కొత్తగా యాప్ దింపుకోదలచిన వినియోగదారునికి అది కనిపించకుండా పోయిందన్నది వాస్తవం.

విదేశాలలో కూడా ఈ విషయం నలుగుతోంది. దక్షిణ కొరియా 2021లో స్టోర్ బిల్లింగ్ నిర్బంధాన్ని నిషేధిస్తూ చట్ట సవరణ చేసింది. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం కింది బాధ్యతలు 2024 మార్చి 7 నుంచి పెద్ద సంస్థలకు వర్తించాయి. అమెరికాలో 2025 ఏప్రిల్ 30న ఒక ఫెడరల్ న్యాయస్థానం బయటి చెల్లింపు లింకుల విషయంలో యాపిల్‌కు ప్రతికూలంగా ఉత్తర్వు ఇచ్చింది. అయితే ఒక దేశపు తీర్పు మరో దేశపు స్టోర్‌కు దానంతటదే వర్తించదు. తెలుగు యాప్ అయినప్పటికీ డల్లాస్‌లోని పాఠకునికి ఒక నిబంధన, గుంటూరులోని పాఠకునికి మరో నిబంధన వర్తించవచ్చు.

నెలనెలా కోతపడే చందాలు

స్టోర్ నిబంధనలతో పాటు రిజర్వు బ్యాంకు నిబంధనలు కూడా పాటించవలసి ఉంది. ఖాతా నుంచి నియమిత కాలానికి సొమ్ము మినహాయించుకునే చెల్లింపులకు సంబంధించిన ఈ-మాండేట్ విధానం 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చింది. నమోదు సమయంలో అదనపు ధ్రువీకరణ, సొమ్ము కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారునికి సమాచారం, ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలు ఇందులోని ముఖ్యాంశాలు. ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అవసరం లేని సాధారణ చెల్లింపుల పరిమితిని 2022 జూన్‌లో 5,000 రూపాయల నుంచి 15,000 రూపాయలకు పెంచారు. ఈ మార్పుల నేపథ్యంలోనే 2022లో యాపిల్ మన దేశంలో తన స్టోర్ కొనుగోళ్లకు కార్డు చెల్లింపులను నిలిపివేసింది. కార్డుపైనే ఆధారపడిన చందాదారులు యూపీఐ, నెట్ బ్యాంకింగ్ వంటి మార్గాలకు మారవలసి వచ్చింది. ఒకే సాధనాన్ని నమ్ముకోరాదని ఈ అనుభవం తెలియజేస్తోంది.

అధికారులు గమనించవలసిన అంశాలు

1. యాప్ టెండరు పత్రాలలోనే వసూలు చేసే ప్రతి రుసుమును విడివిడిగా పేర్కొని, అది యాప్ వెలుపలి సేవా, లోపలి డిజిటల్ సరుకా అన్నది స్పష్టం చేయాలి. బిల్లులు, టికెట్ల వంటి వసూళ్లపై స్టోర్ కమిషన్ పేరిట గుత్తేదారు ఏదైనా ఖర్చు చూపితే వివరణ కోరాలి.

2. నేరుగా వసూలు చేసే పక్షంలో రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన పేమెంట్ అగ్రిగేటర్‌నే ఎంచుకోవాలి. సొమ్ము ఎన్ని రోజులలో శాఖ ఖాతాకు జమ కావాలో ఒప్పందంలో రాయించాలి.

3. ఖాతాలో సొమ్ము కోతపడి రసీదు రాని సందర్భాలకు తగిన ఏర్పాటు ఉండాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో వ్యాపారికి చేసిన చెల్లింపు నిర్ధారణ కానప్పుడు లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజులలోగా సొమ్ము తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి.

4. అసలు మొత్తాన్ని, అదనపు రుసుమును మొదటి తెరపైనే చూపాలి. చివరి దశలో రుసుములు బయటపెట్టడాన్ని, చందా రద్దును కష్టతరం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలలో మోసపూరిత పద్ధతులుగా పేర్కొంది.

5. యాప్ ఏ కారణంచేతనైనా స్టోర్‌లో అందుబాటులో లేకుండా పోతే ప్రజల చెల్లింపులు ఆగిపోకుండా వెబ్‌సైటు, సేవా కేంద్రం వంటి ప్రత్యామ్నాయ మార్గాలను కొనసాగించాలి.

పాత్రికేయ మిత్రులకు

స్టోర్ రుసుములపై వార్త రాసేటప్పుడు మూడు ప్రశ్నలకు సమాధానం రాబడితే వార్తకు స్పష్టత చేకూరుతుంది. అమ్ముతున్నది ఏమిటి? సొమ్మును మొదట వసూలు చేస్తున్నది ఎవరు? వర్తించేది ఏ దేశపు స్టోర్ నిబంధన? ‘యాప్‌లన్నిటిపై 30 శాతం పన్ను’ వంటి శీర్షికలు పాఠకులను తప్పుదోవ పట్టిస్తాయి. అది ప్రభుత్వ పన్ను కాదు, ప్రైవేటు సంస్థ విధించే రుసుము. అన్ని యాప్‌లకూ, అన్ని అమ్మకాలకూ వర్తించేది కూడా కాదు.

ఈ-సేవ కౌంటరులో బిల్లు కట్టిన పౌరుడు రసీదు జేబులో పెట్టుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లేవాడు. తాను కట్టిన సొమ్ము ఎక్కడికి చేరిందో, పొరపాటు జరిగితే ఎవరిని అడగాలో అతనికి తెలిసేది. ఫోను ద్వారా కట్టిన వారికి కూడా అదే నిశ్చింత కలిగించవలసిన బాధ్యత యాప్ రూపొందించే వారిపై ఉంది. యాప్ తయారీకి ముందే వసూలుదారు ఎవరన్నది తేల్చుకోవడం ఆ దిశగా వేయవలసిన మొదటి అడుగు.

– పౌర సంబంధాల అధికారి