క్రాస్‌ఓవర్ కథ: బిడ్డకు ఏది అందాలి?

పరిష్కారాలను జీవుల్లా తరతరాలుగా పెంచి మెరుగుపరిచే జన్యు అల్గారిథమ్‌లో క్రాస్‌ఓవర్ సత్తా ఎంతో తేల్చడానికి 1990ల మొదట్లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక లెక్క తయారుచేశారు. వారిలో ఒకరు ఆ అల్గారిథమ్‌ను పుట్టించిన జాన్ హాలండ్. మిగతా ఇద్దరు మెలనీ మిచెల్, స్టెఫనీ ఫారెస్ట్. మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. లెక్కకు రాయల్ రోడ్ అని పేరు పెట్టారు. సున్నాలు, ఒకట్లతో 64 అంకెల వరుస ఒకటి తీసుకుని, ఎనిమిదేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చేశారు. ఒక గుంపులో ఎనిమిదీ ఒకట్లయితేనే మార్కులు. ఏడున్నా ఏమీ రాదు. తల్లిదండ్రులుగా ఎంచుకున్న రెండు వరుసల్లో ఒకరిలో మొదటి గుంపు పూర్తయి, మరొకరిలో అయిదోది పూర్తయితే, ఇద్దరినీ మధ్యలో కోసి, ఒకరి ముందు ముక్కకు మరొకరి వెనక ముక్క అతికిస్తే బిడ్డకు రెండూ దక్కుతాయి. క్రాస్‌ఓవర్ అంటే ఇదే. దానికి ఇంతకంటే అనువైన లెక్క ఉండదనుకున్నారు.

పోటీకి అతి మామూలు పద్ధతిని దింపారు. ఒకే ఒక్క వరుస. ఏదో ఒక అంకెను తిరగేయడం, మార్కులు తగ్గకపోతే ఆ మార్పును ఉంచుకోవడం. తల్లీ లేదు, తండ్రీ లేడు. ఆ పద్ధతి సగటున 6,179 ప్రయత్నాల్లో గమ్యాన్ని, అంటే అన్నీ ఒకట్లే ఉన్న వరుసను చేరింది. క్రాస్‌ఓవర్ ఉన్న జన్యు అల్గారిథమ్‌కు 61,334 పట్టాయి. తమ ఆశకు ఎదురు వచ్చిన ఈ అంకెలను ఆ ముగ్గురూ దాచకుండా అచ్చువేశారు. ఆ రంగానికి వాళ్లు చేసిన పెద్ద మేలు ఇదేనంటాను.

కారణం కూడా వాళ్లే తవ్వితీశారు. జన్యు అల్గారిథమ్‌లో ఎక్కువ మార్కులు వచ్చినవాటికి ఎక్కువ సంతానం. ఏదో ఒక వరుసలో ముందుగా ఒక గుంపు పూర్తయితే చాలు, దాని నకళ్లు పెరిగిపోతాయి. ఆ గుంపు పక్కనున్న పనికిరాని సున్నాలు కూడా టికెట్ లేని ప్రయాణికుల్లా దానితో పాటే వచ్చేస్తాయి. కొన్ని తరాలకు జనాభా అంతా ఒకే పోలిక. అచ్చం ఒకేలా ఉన్న ఇద్దరిని ఎక్కడ కోసి అతికించినా కొత్తది పుట్టదు. అంటే లోపం కోత ఒక్కదానిదే కాదు, ఎవరికి ఎంత సంతానం అనే నియమానిది కూడా.

క్రాస్‌ఓవర్ మీద అంత ఆశ ఎక్కడిదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. హాలండ్‌కు మొదటి ప్రేరణ రోనాల్డ్ ఫిషర్ 1930లో సహజ ఎంపిక మీద రాసిన గణిత గ్రంథం. ఫిషర్ లెక్కల్లో జన్యువులు చాలావరకు దేనికదే పనిచేస్తాయి. జన్యువులు జట్లుగా పనిచేస్తాయన్నది హాలండ్ పట్టుదల. 1975లో ఆయన అచ్చువేసిన పుస్తకంలోని స్కీమా సిద్ధాంతం, పొట్టిగా ఉండి సగటును మించి రాణించే ముక్కలు తరతరానికీ పెరుగుతాయని చెప్పింది. అలాంటి ముక్కలు కలిసి పెద్ద పరిష్కారాలను కడతాయన్న మాట దాని మీద పెంచుకున్న నమ్మకం. సిద్ధాంతానికి రుజువుంది, నమ్మకానికి లేదు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల చాలా ఏళ్లు వృథా అయ్యాయి.

ఆ పుస్తకానికి ముందే బెర్లిన్‌లో ఇంగో రెషెన్‌బర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్ మరో దారిలో నడిచారు. 1964లో ఆరు పలకలను అయిదు కీళ్లతో కలిపి గాలి సొరంగంలో పెట్టారు. ఒక్కో కీలుకు 51 స్థితులు, మొత్తం 34 కోట్లకు పైగా అమరికలు. యాదృచ్ఛికంగా కీళ్లు కొద్దికొద్దిగా కదిపి, గాలి నిరోధం తగ్గిన అమరికను నిలుపుకుంటూ పోతే వంకరటింకర పలక చివరికి చదునైంది. అక్కడ జంట లేదు, ఒక తల్లి, ఒక బిడ్డ, అంతే. ఇలాంటి యాదృచ్ఛిక మార్పు, అంటే ఉత్పరివర్తన ఒక్కటే చాలునా అన్న వాదం అప్పటినుంచీ ఉంది.

క్రాస్‌ఓవర్ ఎక్కడ చెడుతుందో చూడటానికి సేల్స్‌మ్యాన్ లెక్క మంచిది. ఊళ్లన్నీ ఒక్కొక్కసారి తిరిగి బయల్దేరిన చోటికి రావాలి, దూరం తక్కువ కావాలి. తండ్రి దారి విజయవాడ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, కడప అనుకుందాం. తల్లి దారి కడప, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, విజయవాడ. నిజానికి రెండూ ఒకే దారి, దిశ మాత్రమే వేరు. సగానికి కోసి అతికిస్తే బిడ్డ దారి విజయవాడ, గుంటూరు, ఒంగోలు, మళ్లీ ఒంగోలు, గుంటూరు, విజయవాడ. మూడు ఊళ్లకు రెండేసిసార్లు వెళ్లి, నెల్లూరు, తిరుపతి, కడప మొహమే చూడదు. ఏ తేడా లేని తల్లిదండ్రులకు ఇలాంటి సంతానం పుట్టిందంటే, మనం అందించింది వారసత్వమే కాదు. ఏ ఊరు ఎన్నోది అన్నది ఈ లెక్కకు అక్కరలేదు. ఏ ఊరి పక్కన ఏ ఊరు అన్నదే ఆస్తి.

1989లో డారెల్ విట్లీ బృందం ఊళ్ల వరుసకు బదులు ఊళ్ల మధ్య దారులను బిడ్డకు ఇచ్చే క్రాస్‌ఓవర్‌ను తెచ్చింది. దాన్ని శిఖరానికి చేర్చినవాడు జపాన్ పరిశోధకుడు యూయిచి నగాతా. ఆయన పద్ధతి రెండు ఊళ్లను కలిపే తండ్రి దారొకటి, అలాంటి తల్లి దారొకటి మార్చిమార్చి వచ్చే వలయాలను వెతుకుతుంది. వలయంలోని తండ్రి దారులు తీసేసి తల్లి దారులు పెడుతుంది. ముక్కలైన యాత్రను చిన్న దారులతో కలుపుతుంది. పుట్టిన బిడ్డ కన్నవారిలో ఒకరి స్థానంలోకే వస్తుంది, జనాభా అంతా నిండిపోదు. రాయల్ రోడ్‌లో జన్యు అల్గారిథమ్‌ను దెబ్బతీసిన జబ్బుకు ఇది మందు. లక్ష చుక్కలతో మోనాలిసా బొమ్మ గీసే పోటీ లెక్కలో 2009 మార్చిలో నగాతా 57,57,191 పొడవున్న దారి కనుక్కున్నాడు. ఏ దారీ 57,57,084 కంటే తగ్గదని తర్వాత గణితం తేల్చింది. తేడా 107.

లెక్కకు తగిన వారసత్వాన్ని బిడ్డకు అందించే ఇదే పని దశాంశ సంఖ్యల లెక్కల్లో కాన్పూర్ ఐఐటీలో జరిగింది. 1995లో కల్యాణ్‌మయ్ దేబ్, రామ్‌భూషణ్ అగర్వాల్ రూపొందించిన క్రాస్‌ఓవర్‌లో పిల్లల సగటు తల్లిదండ్రుల సగటుతో సమానం. తల్లిదండ్రులు దూరంగా ఉంటే పిల్లలూ దూరంగా పడతారు, దగ్గరైతే దగ్గరగా. అందుకే వెతుకులాట మొదట్లో విశాలంగా సాగి, గమ్యం చేరువయ్యేకొద్దీ తానే నెమ్మదిస్తుంది. 2002లో దేబ్ బృందం ప్రకటించిన, ప్రపంచమంతా వాడే ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జన్యు అల్గారిథమ్ లోపల ఉన్నది ఈ క్రాస్‌ఓవరే.

మరి మన ప్రోగ్రామ్‌లో క్రాస్‌ఓవర్ నిజంగా పనిచేస్తోందా, ఊరికే కుదుపుతోందా? 1995లో టెర్రీ జోన్స్ దీనికి ఒక పరీక్ష చెప్పి, తల లేని కోడి అని పేరు పెట్టాడు. తల్లిదండ్రుల్లో ఒకరిని పక్కన పెట్టి, ఆ స్థానంలో అప్పటికప్పుడు యాదృచ్ఛికంగా పుట్టించిన వరుసను ఉంచి, అదే కోత కోయాలి. ఫలితం తగ్గకపోతే అక్కడ వారసత్వం ఏమీ లేదు, ఉన్నది పెద్ద ఉత్పరివర్తన మాత్రమే. రెడీమేడ్ లైబ్రరీ నుంచి క్రాస్‌ఓవర్ తెచ్చుకుని వాడుతున్న మన ఇంజనీరింగ్ విద్యార్థులకు నా మనవి ఒక్కటే: క్రాస్‌ఓవర్ రేటు 0.8 ఉండాలా, 0.9 ఉండాలా అని సతమతమయ్యే ముందు ఈ పరీక్ష చేయండి. దానికి మార్చాల్సింది కొద్ది పంక్తుల కోడ్ మాత్రమే.