కొత్త ల్యాప్‌టాప్‌లో కీచుధ్వని: ఏది సహజం? ఏది ప్రమాదం?

* శబ్దాన్ని బట్టే లోపాన్ని గుర్తించవచ్చు
* మార్పిడి గడువు ముగియక ముందే పరీక్షించుకోవడం మేలు
* ‘మాకు వినపడటం లేదు’ అనే సమాధానంతో వెనుదిరగనక్కరలేదు

ఇంజినీరింగ్‌లో చేరిన కుమార్తె కోసం చీటీ ఎత్తి మరీ ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కొందరు దగ్గరలోని పట్టణంలో కొంటారు. మరికొందరు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వరకు వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడి తెచ్చుకుంటారు. దుకాణంలో అంతా బాగానే ఉంటుంది. ఇంటికి వచ్చాక, రాత్రి సద్దుమణిగిన వేళ అసలు సమస్య బయటపడుతుంది. కీబోర్డు అడుగు నుంచి కీచురాయి అరిచినట్లు సన్నని ధ్వని మొదలవుతుంది. అమ్మాయికి అది చెవిలో సూది గుచ్చినట్లు ఉంటుంది. తండ్రికి మాత్రం ఏమీ వినపడదు. మరునాడు దుకాణానికి తీసుకెళితే అక్కడివారు కూడా చెవి ఆనించి చూసి ‘ఏ శబ్దమూ లేదు కదా’ అంటారు.

వీరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. మనిషి చెవి సుమారుగా సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను గ్రహించగలదు. వయసు పెరిగేకొద్దీ హెచ్చు స్థాయి ధ్వనులను వినే శక్తి ముందుగా తగ్గుతుంది. అందువల్ల ఇరవై ఏళ్ల యువతకు స్పష్టంగా వినిపించే కీచుధ్వని యాభై ఏళ్ల వారికి వినిపించకపోవచ్చు. పైగా ఫ్యాన్లు, ఏసీలు, బయటి వాహనాల రొద మధ్య దుకాణంలో ఆ సన్నని ధ్వని మరుగున పడిపోతుంది. కాబట్టి శబ్దం ఉందా లేదా అని వాదించడం కంటే, అది ఏ భాగం నుంచి, ఏ సందర్భంలో వస్తోందో తేల్చుకోవడమే ముఖ్యం. కొన్ని శబ్దాలు చికాకు కలిగించేవే తప్ప హాని చేసేవి కావు. మరికొన్ని రానున్న నష్టానికి ముందస్తు హెచ్చరికలు.

తీగచుట్టల పాట

కొత్త ల్యాప్‌టాప్‌లలో వినిపించే సన్నని కూతకు ఎక్కువ సందర్భాల్లో కారణం విద్యుత్తును మార్చే సర్క్యూట్లే. చార్జర్ నుంచి సాధారణంగా 19 లేదా 20 వోల్టుల విద్యుత్తు వస్తుంది. ప్రాసెసర్‌కు కావలసింది దాదాపు ఒక్క వోల్టు మాత్రమే. ఈ తగ్గింపు కోసం మదర్‌బోర్డుపై చిన్న చిన్న తీగచుట్టలు, కెపాసిటర్లు ఉంటాయి. ఈ సర్క్యూట్లు విద్యుత్తును సెకనుకు లక్షల మార్లు ఆపి, తిరిగి పంపుతుంటాయి. ఆ వేగం చెవికి అందేది కాదు. అయితే ప్రాసెసర్‌కు పని తగ్గినప్పుడు విద్యుత్తు ఆదా కోసం ఈ సర్క్యూట్లు విడతలు విడతలుగా పనిచేస్తాయి. ఆ విడతల సంఖ్య చెవి గ్రహించగల హద్దులోకి దిగినప్పుడు కూత వినిపిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో విద్యుత్తు ప్రవహించే తీగపై బలం పనిచేయడం వల్ల ఆ తీగ అతి స్వల్పంగా అదురుతుంది. దీనినే సాంకేతిక పరిభాషలో ‘కాయిల్ వైన్’ అంటారు.

పింగాణీ కెపాసిటర్లదీ ఇదే కథ. కొన్ని పదార్థాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌కు చెందిన క్యూరీ సోదరులు కనుగొన్నారు. అలాంటి పదార్థాలకు విద్యుత్తు అందిస్తే అవి స్వల్పంగా సాగి, ముడుచుకుంటాయి. ఈ కెపాసిటర్లలో వాడే బేరియం టైటనేట్ ఆ కోవలోనిదే. కెపాసిటర్ గింజంత ఉన్నా అది అతికి ఉన్న బోర్డు మొత్తం దానితోపాటు కంపిస్తుంది. బొబ్బిలి వీణలో తీగ నాదాన్ని పనస చెక్క కుండ పెద్దది చేసినట్లే ఇక్కడ బోర్డు ఆ ధ్వనిని పెంచుతుంది.

ఒకే నమూనాకు చెందిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి కూత పెట్టి, మరొకటి నిశ్శబ్దంగా ఉండటానికి కారణం కూడా ఇదే. తీగ ఎంత బిగువుగా చుట్టారు, జిగురు ఎంతవరకు పట్టింది అనే చిన్న తేడాలు చాలు. ఈ ధ్వని వల్ల యంత్రం పాడైపోదు. అందులోని సమాచారానికీ ముప్పు లేదు. అయితే రోజుకు ఆరేడు గంటలు దాని ముందు కూర్చుని చదువుకునే విద్యార్థికి అది చిన్న బాధ కాదు.

అయిదు పరీక్షలతో తేలిపోతుంది

శబ్దం మూలాన్ని గుర్తించడానికి పరికరాలేవీ అక్కర్లేదు. రాత్రివేళ గదిలో ఫ్యాన్ ఆపి, సెల్‌ఫోన్‌ను దూరంగా పెట్టి, ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి చెవికి ఆనించుకుని ల్యాప్‌టాప్‌పై అక్కడక్కడ వింటే ధ్వని ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఈ వరుసలో పరీక్షించాలి.

1. సౌండ్‌ను పూర్తిగా మ్యూట్ చేయాలి. శబ్దం ఆగిపోతే లోపం స్పీకర్లలో లేదా వాటిని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్లు.

2. చార్జర్ తీసివేసి బ్యాటరీపై నడపాలి. అప్పుడు ఆగిపోతే చార్జర్‌ను, ఇంటి వైరింగ్‌ను అనుమానించాలి. చార్జర్ పెట్టెకు విడిగా చెవి ఆనించి కూడా వినాలి.

3. తెర వెలుగును పూర్తిగా పెంచాలి. కొన్ని తెరలు వెలుగు తగ్గించడానికి దీపాలను అతి వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. వెలుగు పెంచగానే కూత ఆగితే మూలం తెరలోనే ఉంది.

4. పొడవైన పేజీని పైకీ కిందికీ జరపాలి. ఏదైనా ఆట తెరిచి దాని మెనూ దగ్గర ఆపి చూడాలి. పని మారిన క్షణంలోనే ధ్వని స్వరం మారితే అది కాయిల్ వైన్.

5. యంత్రాన్ని పది నిమిషాలు బరువైన పనిలో ఉంచి వేడెక్కనివ్వాలి. వేడితోపాటు నెమ్మదిగా పెరిగి, చల్లబడ్డాక తగ్గే హోరు ఫ్యాన్‌ది.

ఎర్తింగ్ లేని ఇళ్లలో...

చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే ఇయర్‌ఫోన్‌లో ‘గుయ్’మనే శబ్దం రావడం, ల్యాప్‌టాప్ లోహపు భాగంపై చేయి పెడితే జివ్వుమనడం చాలామందికి అనుభవమే. ఇది ల్యాప్‌టాప్ లోపం కాకపోవచ్చు. అనేక ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, పై రంధ్రానికి ఎర్త్ తీగ కలిపి ఉండదు. కొన్నిచోట్ల మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నులకు మార్చే అడాప్టర్‌ను వాడుతుంటారు. చార్జర్‌లో విద్యుత్ రొదను వడగట్టే కెపాసిటర్ల ద్వారా అతి స్వల్పంగా లీకయ్యే విద్యుత్తు ఎర్త్ ద్వారా భూమిలోకి పోవాలి. దారి లేనప్పుడు అది ల్యాప్‌టాప్ పైభాగానికి చేరుతుంది. సరైన ఎర్తింగ్ ఉన్న మరో భవనంలో అదే చార్జర్‌తో నడిపి చూస్తే సంగతి తేలిపోతుంది. అక్కడ శబ్దం, జివ్వుమనడం రెండూ లేకపోతే బాగు చేయవలసింది ఇంటి వైరింగ్‌నే. ఆ పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. ఎర్తింగ్ లేకపోవడం ల్యాప్‌టాప్‌కే కాదు, ఫ్రిజ్, గీజర్ వాడే ఇంటిల్లిపాదికీ ప్రాణాపాయమే.

చార్జర్ నుంచి సన్నని కూత రావడం మామూలే. అయితే చిటపట శబ్దం, కాలిన వాసన, తాకలేనంత వేడి ఉంటే వెంటనే స్విచ్ ఆపి ప్లగ్ తీసివేయాలి. ఆ చార్జర్‌ను మళ్లీ వాడరాదు.

ఈ శబ్దాలను ఉపేక్షించరాదు

ఫ్యాన్ హోరు సహజం. పరుపుపై లేదా దిండుపై పెట్టి వాడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోయి ఫ్యాన్ మరింత వేగంగా తిరుగుతుంది. గట్టి బల్లపై పెడితే చాలావరకు తగ్గుతుంది. కానీ ‘గరగర’, ‘టకటక’ మనే శబ్దాలు వస్తే ఫ్యాన్ రెక్క దేనికో తగులుతున్నట్లు, లేదా బేరింగ్‌లో తేడా ఉన్నట్లు. కొత్త యంత్రంలో ఇది స్పష్టమైన లోపమే. ఫ్యాన్ ఆగిపోతే యంత్రం వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంటుంది.

అంతకంటే ప్రమాదకరమైనది హార్డ్‌డిస్క్ శబ్దం. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీలే ఉంటున్నాయి. వాటిలో డిస్క్ తిరిగే శబ్దానికి తావు లేదు. తక్కువ ధరకు దొరికే పాత, పునరుద్ధరించిన ల్యాప్‌టాప్‌లలో ఇప్పటికీ తిరిగే హార్డ్‌డిస్క్‌లు కనిపిస్తాయి. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 90 చుట్లు తిరుగుతున్నట్లు లెక్క. దాని నుంచి మెల్లని రొద రావడం సహజం. ఒకే లయలో పదేపదే ‘టిక్... టిక్’ మనే శబ్దం వస్తూ యంత్రం నిదానిస్తే మాత్రం చదివే ముల్లు దెబ్బతింటున్నదని అనుమానించాలి. మొదట చేయవలసిన పని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తడం కాదు. ప్రాజెక్టులు, ఫొటోలు, ధ్రువపత్రాల ప్రతులను వేరొకచోట భద్రపరచుకోవడం.

ఇంట్లోనే తగ్గించే మార్గాలు

కాయిల్ వైన్‌ను పూర్తిగా పోగొట్టలేకపోయినా తగ్గించే వీలుంది. ఆటల సెట్టింగులలో సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను 60కి పరిమితం చేస్తే కూత గణనీయంగా తగ్గవచ్చు. పరిమితి లేనప్పుడు కదలిక లేని మెనూ తెరను కూడా యంత్రం సెకనుకు వందల మార్లు గీస్తూ ఉంటుంది. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా యంత్రాల్లో అదనపు వేగం ఆగుతుంది. వేగం కొంత తగ్గినా వేడి, ఫ్యాన్ హోరు, కూత కూడా తగ్గే అవకాశం ఉంది. తయారీ సంస్థ విడుదల చేసిన బయోస్, సౌండ్ డ్రైవర్ తాజా రూపాలను ఆ సంస్థ వెబ్‌సైట్ నుంచే తీసుకుని వేసుకోవాలి. బయోస్ మార్చే సమయంలో కరెంటు పోకుండా బ్యాటరీ నిండుగా ఉండేలా, చార్జర్ పెట్టి ఉండేలా చూసుకోవాలి.

మూత విప్పి తీగచుట్టలపై జిగురు పోయడం వంటి చిట్కాల జోలికి పోరాదు. అందులో జరిగే నష్టం వారంటీ కిందకు రాదు.

గడువు, బిల్లు, చట్టం

కాయిల్ వైన్‌ను లోపంగా అంగీకరించడానికి కంపెనీలు తరచూ వెనుకాడుతుంటాయి. అందువల్ల మార్పిడి గడువు ముగియక ముందే మేలుకోవాలి. ఈ గడువు దుకాణానికి, వెబ్‌సైట్‌కు మారుతుంది. కొన్నిచోట్ల కొద్ది రోజులే ఉంటుంది. కొన్న రాత్రే నిశ్శబ్దమైన గదిలో అయిదు పరీక్షలూ పూర్తి చేయాలి. శబ్దాన్ని సెల్‌ఫోన్‌లో వీడియోగా తీసి, ఏ పని చేస్తే వస్తోందో, ఏది చేస్తే ఆగుతోందో అందులో కనిపించేలా చూసుకోవాలి. ధ్వని తరంగాలను గీతలుగా చూపే ఉచిత యాప్‌లు కూడా ఉన్నాయి. చెవికి వినపడని వారికి ఆ గీత కంటికి కనిపిస్తుంది. ఫిర్యాదును నోటిమాటగా కాక ఈమెయిల్ లేదా లేఖ ద్వారా ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి.

2020 జులైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ విషయంలో అండగా ఉంది. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం కూడా ఆ కోవలోకే వస్తుంది. అయితే వచ్చేది లోపమేనని కొనుగోలుదారు చూపగలగాలి. ఫ్యాన్ గరగరను చూపడం సులువు. సన్నని కూతకు వీడియో, రాతపూర్వక ఫిర్యాదులే ఆధారం.

దుకాణదారు, కంపెనీ రెండూ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలును ఈ చట్టం కల్పించింది. అవసరమైతే వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది.

బిల్లు, వారంటీ కార్డు, పెట్టె, శబ్దం వీడియో... ఈ నాలుగింటిని గడువు ముగిసేదాకా భద్రంగా ఉంచుకోవడం మంచిది.