బెండకాయకు జిగురెందుకు? రొయ్యకు ఎరుపెలా?

అమెరికా దక్షిణాదిలో, ముఖ్యంగా లూసియానాలో, రొయ్యలూ బెండకాయలూ వేసి ‘గంబో’ అనే చిక్కటి పులుసు వండుతారు. ఆ వంట రుచికి ముందుగా మెచ్చుకోవలసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన ప్రజలను. బెండ వాడకం అక్కడ పాతుకుపోయింది వాళ్ల వల్లే.

బెండకాయ కోస్తుంటే చాకుకు తీగలా సాగే జిగురు చూశారుగా? ఆ జిగురులో ఉండేవి చక్కెర అణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసులు. నీటిని పట్టుకుని ఉబ్బుతాయి. గంబో చిక్కబడేది అందుకే. జిగురు నచ్చదా? కాయను కోయకుండా, తడి తుడిచి, నిప్పులపై కాల్చండి. లోపలి జిగురు బయటికి రాదు, పైతడి ఆవిరైపోతుంది. మన బెండకాయ పులుసులో చింతపండు పులుపు కూడా జిగురును తగ్గిస్తుంది.

ఇక రొయ్య. పచ్చిగా ఉన్నప్పుడు బూడిదరంగు, కాలగానే ఎరుపు! ఆ రంగు బయటి నుంచి రాలేదు. అస్టాజాంథిన్ అనే ఎర్రని పదార్థాన్ని ఒక ప్రోటీన్ బిగించి పట్టుకుని ఉంటుంది. వేడికి ఆ ప్రోటీన్ పట్టు సడలి, అసలు రంగు బయటపడుతుంది.

రొయ్యలనూ బెండకాయలనూ పుల్లలకు గుచ్చి నిప్పులపై కాల్చాలనుకుంటే, ముందుగా వెదురు పుల్లల్ని అరగంట నీళ్లలో నానబెడితే త్వరగా మాడవు. రొయ్యకు రెండు పుల్లలు గుచ్చితే తిప్పేటప్పుడు గిర్రున తిరగదు. రొయ్య నిమిషాల్లో ఉడుకుతుంది, బెండకు ఇంకాస్త సమయం కావాలి. కనుక రెంటినీ వేర్వేరు పుల్లలకు గుచ్చండి. నిప్పు దగ్గర మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే.