పాఠం చెప్పేవారు మిగలాలి

విదేశీ విశ్వవిద్యాలయంతో నర్సింగ్ కళాశాల ఒప్పందం కుదిరిందంటే పత్రికల్లో మనకు కనిపించేది సంతకాల ఫొటో. దాని విలువ తేలేది చాలా ఏళ్లకు. విదేశీ బృందం వెళ్లిపోయాక వార్డులో విద్యార్థి పక్కన నిలబడి నేర్పే బోధకురాలు ఆ ఊళ్లో మిగిలిందా అన్నదే అసలు కొలత. ఈ కొలతకు నిలిచిన ప్రయత్నాల్లో రువాండాది మనం శ్రద్ధగా చదవాల్సినది. 1994 నాటి నరమేధం ఆ దేశ వైద్య వ్యవస్థను కుప్పకూల్చింది. 2011 నాటికి కూడా కోటి దాటిన జనాభాకు ప్రభుత్వ రంగంలో ఉన్న డాక్టర్లు ఆరు వందల పైచిలుకే. నర్సుల్లో అత్యధికులు హైస్కూలు స్థాయి శిక్షణతో సరిపెట్టుకున్నవారు. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలను నడిపేది మాత్రం వాళ్లే. ఊరూరా ఉన్న సుమారు 45,000 మంది ఆరోగ్య కార్యకర్తలు జ్వరంతో ఉన్న బిడ్డనో, నెలలు నిండిన గర్భిణినో పంపేదీ ఆ నర్సుల దగ్గరికే. అక్కడ నర్సు చదువు బలహీనపడితే పల్లె ఆరోగ్యమే బలహీనపడుతుంది.

ఈ లోటు తీర్చేందుకు 2012లో రువాండా ఆరోగ్య సిబ్బంది శిక్షణకు ఏడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఇరవైకి పైగా అమెరికా విద్యాసంస్థలు అందులో చేరాయి. సాయంగా వచ్చే సొమ్ము మామూలుగా ముందు దాత దేశపు సంస్థలకే చేరుతుంది, అందులో పెద్ద వాటా వాటి నిర్వహణ ఖర్చులకే పోతుంది. అప్పటి ఆరోగ్య మంత్రి ఆగ్నెస్ బినగ్వాహో హయాంలో ఈ వరస తిరగబడింది. నిధులు రువాండా ప్రభుత్వం చేతికి వచ్చాయి, అమెరికా సంస్థల నిర్వహణ ఖర్చులకు 7 శాతమే పరిమితి. అమెరికా నుంచి వచ్చిన అధ్యాపకుడికి స్థానిక అధ్యాపకుణ్ణి జతచేసే పద్ధతి పెట్టారు. వచ్చినవారి పని రోగులను చూసి వెళ్లడంతో తీరదు, జతగాణ్ణి తయారుచేయాలి. 2015లో రువాండా విశ్వవిద్యాలయం నర్సింగ్‌లో మాస్టర్స్ చదువు ప్రారంభించింది. రేపటి బోధకులు దేశం దాటకుండానే తయారయ్యే దారి అలా ఏర్పడింది.

దీనిమీద అభ్యంతరాలు బలమైనవే. అమెరికా నిధులు 2017లోనే ఆగిపోయాయి. కొన్ని జంటలు సరిగా కుదరలేదనీ, కొందరు అధ్యాపకులు ఉన్నది కొద్ది కాలమేననీ తర్వాతి మదింపులో తేలింది. ఇంత ఖర్చుతో మనుషులను రప్పించే బదులు మన విద్యార్థులనే అక్కడికి పంపొచ్చు కదా అనేవారూ ఉన్నారు. కానీ సకల వసతులున్న ఆసుపత్రిలో నేర్చుకున్నవారికి ఆక్సిజన్ సిలిండర్ కూడా కరువైన కేంద్రంలో ఏం చేయాలో ఎవరు చెబుతారు? పైగా వెళ్లినవారిలో అక్కడే స్థిరపడేవారు ఎందరో. ఇక నిధులు ఆగడం, జంటలు కుదరకపోవడం ప్రణాళికలోని లోపాలు. అప్పగింత ఎప్పుడు, ఎవరికి అన్నది మొదటి రోజే రాసుకోవాలని అవి నేర్పుతున్నాయి. సొంత గడ్డమీద బోధకులను తయారుచేసుకోవాలన్న నిర్ణయం తప్పని అవి రుజువు చేయవు.

ఇది మనకూ తగిలే మాటే. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) ఉన్నది బీఎస్సీ నర్సింగ్ చదివినవారే. మరోవైపు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పి జర్మనీ, జపాన్‌లకు పంపుతోంది. మంచి జీతం కోసం వెళ్లే ఆడపిల్లను ఆపే హక్కు ఎవరికీ లేదు, ఆపకూడదు కూడా. అయితే నర్సులను తీసుకునే దేశం, వాళ్లను తయారుచేసిన దేశపు చదువుకు చేయూతనివ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన నియమావళి సారాంశం. దాన్ని అమలు చేయించేందుకు చట్టబలం లేదు, కాబట్టి ఒప్పందంలోనే రాయించుకోవాలి. మన దగ్గరి నుంచి ఎందరు నర్సులు వెళ్తారన్న అంకె పక్కనే, అక్కడి నుంచి ఎందరు అధ్యాపకులు మన జిల్లా నర్సింగ్ కళాశాలలకు వస్తారు, ఎన్నేళ్లుంటారు, ఎవరికి జతగా పనిచేస్తారు అన్నదీ ఉండాలి. ఇకమీదట కుదిరే ప్రతి ఒప్పందంలోనూ ఈ షరతు పెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను నర్సింగ్ సంఘాలు, కళాశాలలు, విద్యార్థుల తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.