వంకర పాదములతో పుట్టిన బిడ్డలకు ఉచిత చికిత్స
తల్లిదండ్రులు విడువరాని క్రమము

ఎద్దు కుంటినచో ఆ దినముననే గిట్ట యెత్తి చూచుట రైతునకు అలవాటు. కాని బిడ్డ పాదము లోపలికి తిరిగి పుట్టినపుడు “గ్రహణదోషము, నుదుటి వ్రాత” యని మిన్నకుండువారు నేటికిని కలరు. ఇది గ్రహణము వలన కలుగునది కాదు. తల్లి చేసిన తప్పును గాదు. ఇంచుమించు వేయి కాన్పులకు ఒకరిద్దరు శిశువులు ఇట్టి పాదములతో పుట్టుచుందురు. ఆడపిల్లలకంటె మగపిల్లలలో ఇది హెచ్చు. సకాలమున చికిత్స పొందిన బిడ్డ తక్కినవారివలెనే నడచును, పరుగెత్తును. పొందనిచో పాదపు అంచు మీదను, పైభాగము మీదను బరువు మోపి జీవితమంతయు నడువవలసి వచ్చును. అట్టివానికి దుక్కి, నాటు, మోత యన్నియు కష్టములే. ఈ చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించుచున్నది గావున దాని క్రమమును సభ్యులు తెలిసికొనుట యవసరము.

ఎవరి నడుగవలెను?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమను పేర 2013వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఒక పథకమును ప్రారంభించినది. పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలు దీని క్రిందికి వత్తురు. కాన్పు జరిగిన ఆసుపత్రిలో సిబ్బంది శిశువును పరీక్షించుట, ఆరు వారముల లోపల ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూచుట, అంగన్‌వాడీలో ఏటికి రెండు పర్యాయములు, బడిలో ఒక పర్యాయము వైద్యబృందము చూచుట దీని నియమములు. వంకర పాదము ఈ పథకమున పేర్కొనబడిన లోపములలో ఒకటి. లోపము కనబడిన బిడ్డలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. అచ్చటినుండి ఎముకల వైద్యునికిని, ఫిజియోథెరపిస్టునకును చూపుదురు.

బృందము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ఆశా కార్యకర్తకుగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికిగాని వెంటనే చూపి, చీటి వ్రాయించుకొని పోవచ్చును.

చికిత్సా విధానము

నేడు లోకమంతట అనుసరింపబడు విధానమును ఇగ్నేషియో పొన్‌సెటి యను వైద్యుడు రూపొందించెను. ఈయన స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసెను. శిశువు ఎముకలు పుట్టినపుడు చాలవరకు మెత్తని మృదులాస్థిగా నుండును, కీళ్లు సాగును. మొక్కై వంగనిది మానై వంగునా యను మాట యిచ్చట అక్షరాల వర్తించును. కావున పుట్టిన వారము పది దినములకే చికిత్స నారంభించుట మేలు. ఆలస్యమైనవారును పోవలెను, పెద్ద పిల్లలకును మార్గములు కలవు.

వైద్యుడు పాదమును చేతితో మెల్లగా కొంత సవరించి, వ్రేళ్లనుండి తొడ వరకు పిండికట్టు వేయును. వారమున కొకసారి ఆ కట్టు విప్పి, మరికొంత సవరించి, క్రొత్త కట్టు వేయును. సాధారణముగా ఐదారు కట్లు చాలును. పిమ్మట చాలమంది శిశువులకు మడమ వెనుక నున్న నరమువంటి బిగువైన స్నాయువును చిన్న కోతతో వదులు చేసి, మూడు వారములు చివరి కట్టు నుంచుదురు. ఇంటియొద్ద కట్టు తడువనీయరాదు. వ్రేళ్లు నీలవర్ణమైనను, చల్లబడినను, వాచినను ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

విడువరాని భాగము

పాదము తిన్ననైనది గదా యని తల్లిదండ్రులు మానుకొనునది ఇచ్చటనే. కట్లు తీసిన పిమ్మట రెండు బూట్లు ఒక కడ్డీకి బిగించిన సాధనమును తొడుగుదురు. మొదటి మూడు మాసములు దినమునకు 23 గంటలు, తరువాత నాలుగేండ్లు వచ్చువరకు రాత్రులును, పగటినిద్రలోను దానిని తొడుగవలెను. లేతమొక్క తిన్నగా నిలిచినదని ఊతకర్రను ముందుగా తీసివేసిన, అది మరల పూర్వపు వంపునకే పోవును. బిడ్డ పెరుగుచుండగా పాదమును అట్లే మరల లోపలికి తిరుగజూచును. వంకర తిరిగివచ్చుటకు ముఖ్యకారణము ఈ బూట్లను మానుటయే. బిడ్డ మొదటి దినములలో ఏడ్చును. అలవాటైన పిదప ఊరకుండును. బూట్లు ఇరుకైనచో తీసి మూలపెట్టక, పెద్దవి యడుగవలెను.

ఇతర లోపములు

నాలుగు మాసములకు మెడ నిలుపకున్నను, తొమ్మిది మాసములకు కూర్చుండకున్నను, ఏడాదిన్నరకు నడువకున్నను, ఏడాది లోపుననే ఒక చేతినే వాడుచున్నను బిడ్డను చూపవలెను. మెదడు దెబ్బతినుటవలన కలుగు సెరిబ్రల్ పాల్సీ వీనికి ఒక కారణము కావచ్చును. అది మందులతో పోవునది కాదు. ఐనను నిత్యము చేయించు వ్యాయామమువలన కీళ్లు బిగుసుకొనిపోకుండును. కూర్చుండుట, తినుట, వ్రాయుట వంటి పనులను బిడ్డ తనకు సాధ్యమైనంత నేర్చును. మండలములలో సమగ్ర శిక్షా పథకము క్రింద నడచు భవిత కేంద్రములకు ఫిజియోథెరపిస్టులు నియమిత దినములలో వత్తురు. ఆ వ్యాయామమును తల్లి చూచి నేర్చుకొని ప్రతిదినము ఇంట చేయించినగాని పూర్ణఫలము రాదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు.

సంఘము చేయదగినది

చికిత్స ఉచితమే, బస్సు ఛార్జియు, పోయిన కూలియు ఉచితములు కావు. వారమున కొకనాడు జిల్లా కేంద్రమునకు పోయి వచ్చుట కౌలురైతునకు, కూలివానికి నాట్ల దినములలో మిక్కిలి భారము. రెండు వారములు తప్పినచో చేసిన పనియు వెనుకకు పోవును. ఇట్టి కుటుంబమునకు పొరుగువారు ఒకనాటి పని చేసి పెట్టుటయు, నిబంధనలు అనుమతించినంత వరకు సంఘపు హితనిధినుండి దారిఖర్చు లిచ్చుటయు కష్టము కాదు. ప్రతి గ్రామ సభ్యుడు తన వీధిలో ఇట్టి బిడ్డ యున్నదేమో ఈ మాసముననే విచారించి, ఆశా కార్యకర్తకు తెలుపవలెను. విత్తునకు అదను తప్పినచో మరుసటి ఏడు కలదు. బిడ్డకు ఈ అదను ఒక్కసారియే వచ్చును.